చెట్టు తీయించాలని అర్జీ పెట్టే ముందు: శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకి మొదటి నుంచి చివరి దాకా

ఏటా వానాకాలం సగం దాటేసరికి ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. తుపానుల రోజులు దగ్గర పడుతున్నాయి, ఇంటి ముందు చెట్టు చూస్తే భయమేస్తోంది, అర్జీ ఇచ్చి నెలలు గడిచినా ఎవరూ రాలేదు, ఏం చెయ్యాలి అని. 2014 అక్టోబరులో హుద్‌హుద్‌నీ, 2018 అక్టోబరులో తిత్లీనీ చూసిన జిల్లాలు మనవి. ఆ భయం ఊరికే వచ్చింది కాదు.

అయితే చాలా అర్జీలు ఆగిపోయేది అధికారుల అలసత్వం వల్లే కాదు, అర్జీలో సరుకు లేకపోవడం వల్ల కూడా. "చెట్టు ప్రమాదకరంగా ఉంది, దయచేసి తొలగించగలరు" అని ఒక్క వాక్యం రాస్తే, ఆ కాగితం చేతిలో పట్టుకున్న అధికారికి ఏ చెట్టో, ఎవరి చెట్టో, ఏం ప్రమాదమో తెలీదు. ఆయన చూసేది మూడే మూడు: చెట్టు ఎవరి స్థలంలో ఉంది, చెప్పిన ప్రమాదం కంటికి కనబడుతోందా, చెట్టు తీయకుండా ఆ సమస్య తీరదా. ఈ మూడింటికీ మీ ఫైలులోనే జవాబుంటే పని కదులుతుంది. కింద రాసిందంతా దాని కోసమే. చెట్టు ఉండాలని కోరుకునేవాళ్లకీ ఇదే దారి పనికొస్తుంది, వాళ్ల కోసం విడిగా ఒక భాగం ఉంది.

ముందుగా ఒక మాట: చెట్టు ఇప్పుడే పడిపోయేలా ఉంటే

ఇది చదువుతూ కూర్చోవద్దు. తీగల మీద పడితే కరెంటు వాళ్లకి 1912కి, మనుషులకి ప్రమాదం ఉంటే 112కి లేదా ఫైర్ వాళ్లకి 101కి ఫోన్ చెయ్యండి. తెగిన తీగ తగిలిన చెట్టుని, ఆ పక్కన నిలిచిన నీటిని ఎవరూ తాకకుండా దూరంగా నిలబెట్టండి. కరెంటు ఆపేశామని లైన్‌మేన్ నోటితో చెప్పేదాకా కత్తి పట్టుకుని ఎవరూ దగ్గరికి వెళ్లకూడదు.

1. మీ అసలు సమస్య ఏంటో ఒక వాక్యంలో రాసుకోండి

"చెట్టు తీసేయాలి" అన్నది సమస్య కాదు, మీరు అనుకున్న పరిష్కారం. సమస్య వేరే ఉంటుంది. కొమ్మ సర్వీసు వైరుకి రాసుకుంటోంది, వేరు కాలువ గోడని ఎత్తేసింది, మాను ఈ ఏడాది కొత్తగా వంగింది, ఇలాంటిదేదో. అది రాసుకుంటే సగం పని అయినట్టే, ఎందుకంటే తనిఖీకి వచ్చినవాళ్లు వెతికేది కూడా అదే.

సాధారణంగా నిలబడే కారణాలు:

- చెట్టు పూర్తిగా ఎండిపోయింది
- మొదలు కుళ్లింది, లేదా వేళ్లతో సహా కదులుతోంది
- కొత్తగా వంగింది, కింద ఇల్లో, బడో, బస్సు ఆగే చోటో ఉంది
- గోడకి, పునాదికి నష్టం జరుగుతోందని ఇంజినీరు రాసి ఇచ్చారు
- మంజూరైన రోడ్డు, కాలువ పనికి అడ్డు, పక్కకి జరిపే వీలు నిజంగా లేదు

నిలబడని కారణాలు: ఆకులు రాలుతున్నాయి, పక్షులు రెట్ట వేస్తున్నాయి, వాస్తు ప్రకారం వీధిపోటు, షాపు బోర్డు కనబడట్లేదు, కారు పెట్టుకోడానికి చోటు లేదు. ఈ మధ్య సోలార్ పలకల మీద నీడ పడుతోందన్నది కూడా వీటిలో చేరింది. మీ ఇబ్బంది అబద్ధమని నేను అనట్లేదు. కానీ వీటికి పెద్ద చెట్టుని తీయమని రాస్తే మీ ఫైలు మొదటి టేబుల్ దాటదు. దాటకూడదు కూడా అని నా అభిప్రాయం. మే నెలలో శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ నుంచి అరసవల్లి వైపు మధ్యాహ్నం పూట నడిచి చూడండి, నీడ ఉన్న ముక్కకీ లేని ముక్కకీ తేడా ఒంటికే తెలుస్తుంది.

2. చెట్టు ఎవరిదో తేల్చుకోండి

ఎక్కువ అర్జీలు తప్పిపోయేది ఇక్కడే. వీధిలో ఉన్న ప్రతి చెట్టూ కార్పొరేషన్‌ది కాదు.

- వీధి, పార్కు, మున్సిపల్ స్థలం: నగరపాలక సంస్థ
- ఆర్ అండ్ బీ రోడ్డు అంచు: ఆ శాఖ
- జాతీయ రహదారి పక్క, అంటే శ్రీకాకుళం దగ్గర 16, విజయనగరం మీదుగా వెళ్లే 26: రహదారి అధికారులు
- రైల్వే స్థలం: రైల్వే
- గుడి ఆవరణ: దేవస్థానం, దేవాదాయ శాఖ కిందైతే ఆ శాఖ
- బడి, ఆసుపత్రి: ఆయా సంస్థ
- మీ సొంత ఆవరణ: మీదే, అయినా అనుమతి కావాలి

ఆ చివరిది చాలామంది నమ్మరు. మన రాష్ట్రంలో 2002 నుంచి నీరు, భూమి, చెట్ల సంరక్షణకి వాల్టా చట్టం ఉంది. దాని కింద సొంత స్థలంలో చెట్టుకైనా ముందు అనుమతి తీసుకోవాలి, ఆ అనుమతి వ్యవహారం అటవీ శాఖ చూస్తుంది. నీలగిరి, సరుగుడు, సుబాబుల్ లాంటి కొన్ని జాతులకి మినహాయింపు ఉంది. మీ చెట్టు ఆ జాబితాలో ఉందో లేదో రేంజి ఆఫీసులో అడిగి, వాళ్లు చెప్పింది రాసుకుని అప్పుడు ముందుకెళ్లండి. "మా దొడ్లో చెట్టు, మా ఇష్టం" అని కొట్టించి, కలప లారీ దారిలో ఆగాక పరుగులు పెట్టినవాళ్లు ఉన్నారు.

సరిహద్దు మీద ఉన్న చెట్టైతే మాను నేలలోంచి ఎక్కడ లేస్తోందో చూడండి, కొమ్మలు ఎటు వాలాయో కాదు. సగం సగం ఉంటే ఇద్దరి సంతకమూ ఉండాలి. ఒకరి సంతకంతో వెళ్లిన అర్జీ తనిఖీ రోజు గొడవగా మారుతుంది.

3. చెట్టుని మీరే ఒకసారి సరిగ్గా చూడండి

ఇది నిదానంగా చెయ్యాల్సిన పని. పొద్దున్న వెలుతురులో టేపు, ఫోను, ఒక చిన్న చెక్కసుత్తి పట్టుకుని వెళ్లండి.

కొలత: నేల నుంచి దాదాపు నాలుగున్నర అడుగుల ఎత్తులో, అంటే 1.37 మీటర్ల దగ్గర, మాను చుట్టుకొలత తీయండి. అటవీ శాఖ లెక్క కూడా ఆ ఎత్తులోనే. చుట్టుకొలతని 3.14తో భాగిస్తే మాను మందం వస్తుంది.

ప్రాణం ఉందా: చిటికెన వేలంత కొమ్మ మీద గోటితో కొంచెం గీరండి. లోపల పచ్చగా ఉంటే ఆ కొమ్మ బతికే ఉంది. గోధుమ రంగులో పొడిగా ఉంటే నాలుగు వైపులా నాలుగు కొమ్మలు చూసి అప్పుడు చెప్పండి. వేప విషయంలో మరీ జాగ్రత్త. 2021లో తెలుగు రాష్ట్రాల్లో వేప చెట్లు పైనుంచి కిందికి ఎండిపోతుంటే చచ్చిపోయాయనే అందరం అనుకున్నాం, అది శిలీంధ్రం వల్ల వచ్చిన ఎండు తెగులు, తర్వాత చాలా చెట్లు తిరిగి చిగురేశాయి. తొందరపడి కొట్టించినవాళ్లకి మాత్రం మోడే మిగిలింది. వేప ఎండినట్టు కనబడితే ఒక చిగురు కాలం ఆగి చూడమని నేను ప్రతిసారీ చెబుతాను, కింద జనం తిరిగే చోటైతే ఎండిన కొమ్మలు మాత్రం తీయించి ఆగమంటాను.

వంపు: పుట్టు వంపు వేరు, కొత్త వంపు వేరు. చిన్నప్పటి నుంచీ వంగి పెరిగిన చెట్టు కొస మళ్లీ నిటారుగా పైకి తిరిగి ఉంటుంది, దాని వేళ్లు ఆ బరువుకి అలవాటు పడి ఉంటాయి. కొత్తగా వంగిన చెట్టు మొత్తం ఒకే గీతలా వాలి ఉంటుంది, వాలిన వైపుకి ఎదుటి పక్క నేల ఉబ్బి పగుళ్లు కనబడతాయి. ఈ రెండోది కనబడితే అర్జీలో మొదటి వాక్యం అదే కావాలి.

మొదలు: నేలకి ఆనుకుని మాను మీద గట్టి పళ్లెం లాంటి పుట్టగొడుగులు వచ్చాయా? అలా ఉంటే లోపల వేరు కుళ్లుతున్న గుర్తు కావచ్చు. దగ్గర నుంచి ఫొటో తీయండి.

బోలు: సుత్తితో మెల్లగా చుట్టూ తట్టండి, డొల్ల శబ్దం వచ్చిన చోట సున్నంతో గుర్తు పెట్టండి. బోలు ఉన్నంత మాత్రాన చెట్టు పడిపోదు, బలమంతా బయటి పొరల్లోనే ఉంటుంది. చుట్టూ మిగిలిన గట్టి చెక్క, మాను వ్యాసార్ధంలో మూడో వంతు కంటే పలచబడితే అప్పుడు ఆలోచించాలన్నది చెట్ల నిపుణులు వాడే మోటు లెక్క. మన పాత చింతలు, మర్రులు ఎన్నో బోలుతోనే నిలబడి ఉన్నాయి.

వేళ్లు: ఈమధ్య కాలువ, పైపులైను, సీసీ రోడ్డు ఏదైనా తవ్వారా? మాను అడ్డంగా ఒక అడుగు మందం ఉంటే, దాని చుట్టూ పన్నెండు అడుగుల మేర వేళ్లని కదపకూడదన్నది లెక్క. ఒక పక్క వేళ్లన్నీ జేసీబీ తెంపేసిన చెట్టు పైకి పచ్చగానే ఉంటుంది, పెద్ద గాలికి ఆ పక్క నుంచే లేచిపోతుంది. తవ్విన నెల, ఏ వైపు తవ్వారో తప్పకుండా రాయండి.

జాతి: పేరు రాయకపోతే అర్జీ అసంపూర్ణం. మన వీధుల్లో ఎక్కువగా కనబడేవాటి గురించి నాలుగు ముక్కలు. తురాయి కలప పెళుసు, వేళ్లు పైపైనే, గాలికి ముందు దెబ్బతినేది అదే, పెద్ద కొమ్మలు చూసుకోవాలి. నిద్రగన్నేరు గొడుగులా బాగా విస్తరిస్తుంది కాబట్టి బరువు తగ్గిస్తే చాలాసార్లు సరిపోతుంది. రావి గోడ పగుళ్లలో మొలిచిందంటే మొలకగా ఉన్నప్పుడే వేరుతో తీయాలి, పెరిగాక గోడ కూడా పోతుంది. ఏడాకుల పాల పూసే రోజుల్లో ఘాటు వాసన పడనివాళ్లు ఉంటారు, నిజమే, కానీ అది ఏడాదిలో కొన్ని వారాల ఇబ్బంది. కోనోకార్పస్ మీద చాలా ఆందోళన ఉంది, గుజరాత్ 2023లో దాన్ని నాటడమే నిషేధించింది. అయినా మీ వీధిలో ఉన్నదాన్ని మీరే నరికేయొచ్చని దాని అర్థం కాదు, దానికీ ఇదే దారి.

4. తీయకుండా తీరుతుందేమో చూడండి

తనిఖీలో తప్పకుండా వచ్చే ప్రశ్న ఇది. ముందే జవాబు ఉంటే మీ మాటకి బరువు వస్తుంది.

తీగలకి తగిలే కొమ్మలైతే అది మన కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ పని, 1912కి చెప్పి ఫిర్యాదు నంబరు తీసుకోండి. లైన్ ఆపి వాళ్లే కొడతారు. వాళ్లు అవసరానికి మించి బోడి చేస్తారన్న బాధ చాలామందికి ఉంది, అందుకే ఆ సమయానికి మీరు అక్కడ ఉండి ఎంతవరకు కావాలో చెప్పడం మంచిది.

ఇంటి మీదికి వాలిన కొమ్మలైతే కత్తిరింపుకి అర్జీ పెట్టండి. కత్తిరింపులో నాలుగు నియమాలు:

- ఒక విడతలో పచ్చదనంలో నాలుగో వంతు కంటే ఎక్కువ తీయకూడదు
- తల నరికి మోడు చేయకూడదు. అక్కడ గుంపుగా లేచే కొత్త కొమ్మలు బలహీనంగా అతుక్కుని ఉంటాయి, రెండు మూడేళ్లకి అవే విరిగి పడతాయి
- పెద్ద కొమ్మని మూడు కోతల్లో తీయాలి. మానుకి అడుగు దూరంలో ముందు కింద నుంచి కొంచెం, తర్వాత దానికి కాస్త బయటగా పై నుంచి పూర్తిగా, చివరికి మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే మెడని వదిలి మిగిలిన ముక్క. ఒక్క కోతలో తీస్తే కొమ్మ బరువుకి మాను బెరడంతా చీరుకుపోతుంది
- అక్టోబరు గాలుల కోసం కత్తిరింపు వేసవి చివర్లోనే అయిపోవాలి, హెచ్చరిక వచ్చాక కాదు

మొదలు చుట్టూ సిమెంటు బిగించేసి ఉంటే దాన్ని పగలగొట్టించండి. ఢిల్లీలో చెట్ల చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తీసేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఆదేశించింది. మన వీధులకీ ఆ కొలతే పెట్టుకోవచ్చు. నీరు దిగితే వేరు లోతుకి పోతుంది, పేవ్‌మెంటుని ఎత్తడమూ తగ్గుతుంది.

కొత్త ఇల్లు కట్టేవాళ్లు ప్లాన్ గీయించేటప్పుడే చెట్టుని అందులో చూపించి గేటు రెండు మూడు అడుగులు జరపండి. గేటు పెట్టేశాక చెట్టు అడ్డమని రాయడం ఎవరికీ నచ్చదు.

5. ఫైలు తయారు చేసుకోండి

- చెట్టు పూర్తిగా కనబడేలా నాలుగు వైపుల నుంచి ఫొటోలు
- లోపం దగ్గరి ఫొటోలు, పక్కన టేపు పెట్టి
- చెట్టు, ఇల్లు, రోడ్డు, స్తంభం దూరాలతో చేత్తో గీసిన బొమ్మ
- జాతి, చుట్టుకొలత, సుమారు ఎత్తు
- స్థలం పత్రాల నకలు, సొంత స్థలమైతే
- ఇంజినీరు రాసిచ్చిన కాగితం, గోడో పునాదో అంటే
- 1912 ఫిర్యాదు నంబరు, తీగలంటే
- ఇరుగుపొరుగు సంతకాలు
- చెట్టు పోతే ఎక్కడ, ఏ మొక్కలు నాటుతారో ఒక వాక్యం

చివరిది ఎవరూ రాయరు. అనుమతి ఇచ్చేటప్పుడు బదులుగా మొక్కలు నాటాలని ఎలాగూ షరతు పెడతారు, మీరే ముందు రాస్తే మీ ఉద్దేశం మీద నమ్మకం కుదురుతుంది.

అర్జీ ఇలా ఉంటే చాలు:

"గౌరవనీయులైన కమిషనర్ గారికి, విషయం: ఫలానా వార్డు, ఫలానా వీధిలో మా ఇంటికి ఎదురుగా ఉన్న తురాయి చెట్టు తనిఖీ కోరుతూ. అయ్యా, ఈ చెట్టు మాను చుట్టుకొలత 190 సెంటీమీటర్లు. గత మే నెలలో తూర్పు వైపు కాలువ తవ్వినప్పుడు వేళ్లు తెగాయి. ఆగస్టు నుంచి చెట్టు పడమరకి వంగింది, తూర్పు వైపు నేల పగిలింది. పడమర 5 మీటర్ల దూరంలో అంగన్‌వాడీ ఉంది. దయచేసి తనిఖీ చేయించి, కొమ్మల బరువు తగ్గిస్తే సరిపోతుందో, తొలగించాలో నిర్ణయించి రాతపూర్వకంగా తెలియజేయగలరు. తొలగిస్తే అదే వీధిలో మేం చూపిన చోట మొక్కలు నాటి పెంచుతాం. ఫొటోలు, పటం జతచేశాం."

చూడండి, ఇందులో "తొలగించండి" అని ఎక్కడా లేదు. తనిఖీ చేసి నిర్ణయించమని, జవాబు రాసివ్వమని అడిగాం. తనిఖీ అడిగితే కాదనడానికి కారణం దొరకదు.

6. ఎక్కడ ఇవ్వాలి

వీధి చెట్టైతే ముందు మీ వార్డు సచివాలయం. అక్కడ శానిటేషన్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సెక్రటరీ ఉంటారు, ఆయనో ఆవిడో వచ్చి చూసి పైకి రాస్తే దారి సులువవుతుంది. అదే అర్జీ ఇంకో ప్రతి నగరపాలక సంస్థ ఆఫీసు తపాలు సెక్షన్‌లో ఇచ్చి, మీ నకలు మీద స్టాంపు, ఇన్‌వార్డ్ నంబరు, తేదీ వేయించుకోండి. ఈ నంబరు లేని అర్జీ ఇవ్వనట్టే లెక్క. వార్డు నాయకుడికి నోటితో చెప్పడం, వాట్సాప్‌లో ఫొటో పంపడం తప్పు కాదు కానీ అవి అర్జీకి బదులు కావు.

సొంత స్థలంలో చెట్టైతే అటవీ శాఖ రేంజి కార్యాలయం. వేరే శాఖ చెట్టైతే ఆ శాఖకి, నకలు కమిషనర్‌కి.

సోమవారాల్లో కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక కూడా ఉంది. మొదటి అర్జీ అక్కడ ఇస్తే తిరిగి అదే కింది ఆఫీసుకి వస్తుంది. అందుకే ముందు కింద ఇచ్చి, స్పందన లేకపోతే ఆ ఇన్‌వార్డ్ నంబరుతో సహా అక్కడికి వెళ్లండి.

7. తనిఖీ రోజు

వచ్చేవాళ్లకి టైము తక్కువ. మీరు పక్కనే ఉండి సున్నం గుర్తులు, పగిలిన నేల, పుట్టగొడుగులు చూపించండి. చెట్టు పడితే ఎక్కడ పడుతుందో నడిచి చూపించండి, ఎందుకంటే ప్రమాదం అంటే చెట్టు బలహీనత ఒక్కటే కాదు, దాని కింద ఏముందన్నది కూడా. ఖాళీ స్థలంలో ఎండిన చెట్టు కంటే బడి గేటు మీదికి వాలిన సగం పచ్చి చెట్టు ముందు చూడాల్సింది.

చెయ్యకూడనివి: వచ్చినవాళ్ల ముందు పక్కింటివాళ్లతో వాదన, లేని లోపాలు కలపడం, ముందు రోజు వేళ్లు తెంపి "చూడండి ఎలా ఉందో" అనడం. మొదట్లో బెరడు వలిచేయడం, యాసిడ్ పోయడం లాంటివి అనుభవం ఉన్న ఫారెస్టరు చూడగానే పట్టేస్తారు. అప్పుడు మీరు అర్జీదారు కాదు, కేసులో ముద్దాయి. పైగా అలా చంపిన చెట్టు ఎండి పెళుసుబారి, మీ ఇంటి మీదే కొమ్మలు రాలుస్తుంది.

వచ్చినవారి హోదా, తేదీ రాసుకోండి. ఎవరికి రిపోర్టు పంపుతారో అడగండి.

8. జవాబు వచ్చాక

నాలుగు రకాలుగా రావచ్చు. కొమ్మలు కత్తిరించడానికి మాత్రమే అనుమతి, ఎక్కువగా వచ్చేది ఇదే, ఓటమిగా అనుకోకండి. షరతులతో తొలగింపు అనుమతి. తిరస్కరణ. మా పరిధి కాదు, ఫలానా శాఖకి పంపాం అన్న ఎండార్స్‌మెంట్.

అనుమతి వస్తే ఆర్డరులో ఏ చెట్టు, ఎన్ని చెట్లు, ఎన్ని రోజుల్లోపు, కలప ఎవరికి, ఎన్ని మొక్కలు నాటాలి అన్నవి ఒక్కొక్కటీ చదవండి. ఒక చెట్టుకి వచ్చిన కాగితంతో పక్క రెండూ కొట్టేస్తే అవి అనుమతి లేకుండా నరికినట్టే.

తిరస్కరిస్తే కారణం చదివి దానికే జవాబు ఇవ్వండి. "ప్రమాదం కనబడలేదు" అంటే కొత్త ఫొటోలతో, మారినదేంటో చూపిస్తూ మళ్లీ తనిఖీ కోరాలి. అదే కాగితం మళ్లీ ఇస్తే అదే జవాబు వస్తుంది.

9. జవాబే రాకపోతే

సమాచార హక్కు చట్టం, 2005 కింద అడగండి. నగరపాలక సంస్థకైతే రుసుము 10 రూపాయలు, తెల్లకార్డు ఉన్నవాళ్లకి లేదు. "నా అర్జీ ఎందుకు పట్టించుకోలేదు" అని కాదు, ఇలా అడగాలి: ఫలానా ఇన్‌వార్డ్ నంబరు అర్జీ మీద ఇప్పటిదాకా తీసుకున్న చర్యల నకలు, తనిఖీ రిపోర్టు నకలు, ఫైలు ఇప్పుడు ఏ అధికారి దగ్గరుందో వివరం. 30 రోజుల్లో ఇవ్వాలి. తప్పు ఆఫీసుకి ఇచ్చినా వాళ్లు 5 రోజుల్లో సరైన చోటికి పంపాలి. చాలాసార్లు ఈ కాగితం వెళ్లాకే తనిఖీకి మనిషి వస్తారు.

పక్కింటివాళ్ల చెట్టు పడిపోయేలా ఉండి వాళ్లు పట్టించుకోకపోతే ఇంకో దారి ఉంది, చాలామందికి తెలీదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్, పాత సీఆర్‌పీసీలో 133. పడి మనుషులకి గాయం చేసేలా ఉన్న చెట్టుని తొలగించమని, లేదా ఊతమిచ్చి నిలబెట్టమని యజమానికి ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ఆర్డరు ఇవ్వొచ్చు. మన దగ్గర ఆర్డీవోకి ఆ అధికారం ఉంటుంది, అర్జీ అక్కడ ఇవ్వొచ్చు. ఇది పక్కవాళ్ల మీద కక్ష తీర్చుకునే సెక్షన్ కాదు. ముందు కూర్చుని మాట్లాడండి, కత్తిరింపు ఖర్చు చెరిసగం పెట్టుకుందామనండి, అదీ కాకపోతేనే.

10. చెట్టు ఉండాలని మీరు కోరుకుంటే

అర్జీ పెట్టినవాళ్లకున్న దారులన్నీ మీకూ ఉన్నాయి. ఎవరైనా చెట్టు కొట్టడానికి వస్తే ఆర్డరు ఉందా అని అడిగి నకలు చూడండి. లేకపోతే వెంటనే అటవీ శాఖకి, కార్పొరేషన్‌కి ఫోన్ చేసి, ఫొటో, తేదీ, టైముతో రాతలో ఇవ్వండి. ఆదివారాలు, పండగ సెలవులు చూసుకుని రంపాలు దించేవాళ్లు ఉంటారు, సెలవు రోజైతే 112కి చెప్పండి.

ఆర్డరు రాకముందైతే ప్రత్యామ్నాయం చూపిస్తూ అభ్యంతరం రాయండి. "చెట్టు మా ప్రాణం" అన్నది మంచి మాటే కానీ, "కాలువని నాలుగు అడుగులు పక్కకి జరిపితే చెట్టు మిగులుతుంది, ఇదిగో కొలతలు" అన్న కాగితాన్ని ఇంజినీరు పక్కన పెట్టలేరు.

రావి, వేప కలిపి అరుగు కట్టి పూజ చేస్తున్న చెట్టు జోలికి వెళ్లేముందు, తీయించేవాళ్లైనా సరే, వీధి అంతటితో మాట్లాడాలి. పైడితల్లమ్మ సిరిమాను కోసం చింతచెట్టుని కొట్టేటప్పుడు కూడా ముందు పూజ చేసి, ఆ చెట్టుగలవాళ్ల ఒప్పుకోలుతోనే కొడతారు. విజయనగరం వాళ్లకి ఈ పద్ధతి కొత్తగా నేర్పక్కర్లేదు.

పక్షి గూళ్లు ఉంటే అది గట్టి కారణం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవి పక్షుల గుడ్లకీ, గూళ్లకీ రక్షణ ఇస్తుంది. కొంగలు, గూడబాతులు గూళ్లు పెట్టిన చెట్టైతే పిల్లలు ఎగిరేదాకా పని ఆపమని అటవీ శాఖకి రాయండి. శ్రీకాకుళం జిల్లాలోని తేలినీలాపురంలో, తేలుకుంచిలో జనం తమ ఇళ్ల మధ్య చెట్లని వలస పక్షులకే వదిలేసి బతుకుతున్నారు, మన దగ్గర ఈ మాట వింతగా వినబడదు.

11. కొట్టే రోజు

- ఆర్డరు నకలు చేతిలో ఉండాలి
- తీగలు దగ్గరుంటే లైన్ ఆపించుకోవాలి, ముందురోజే మాట్లాడుకోవాలి
- గూళ్లు, తొర్రల్లో పిల్లలు ఉన్నాయేమో పైకెక్కి చూడాలి, పామో తేనెపట్టో ఉన్నా అప్పుడే తెలుస్తుంది
- రోడ్డుకి రెండు వైపులా తాడు కట్టి మనిషిని నిలబెట్టాలి
- పై కొమ్మల నుంచి తాడుతో దించుకుంటూ రావాలి, ఇళ్ల మధ్య మొదలు కోసి పడేయకూడదు
- ఎక్కేవాళ్లకి నడుము తాడు, హెల్మెట్ లేకపోతే పని మొదలుపెట్టనివ్వద్దు. రోజు కూలీకి వచ్చిన మనిషి కాలుజారితే ఆ ఇంటికి ఎవరు దిక్కు?
- కలప బయటికి తీసుకెళ్లాలంటే అటవీ శాఖ ట్రాన్సిట్ పర్మిట్ అవసరమేమో ముందే అడగాలి

మొద్దు విషయం బేరంలోనే తేల్చుకోండి. లేకపోతే పైదంతా పట్టుకెళ్లి మొద్దు మీకు వదిలేస్తారు, రాత్రిపూట బండ్లు దానికే తగులుతాయి.

12. బదులు మొక్కలు

ఆర్డరులో ఎన్ని రాస్తే అన్ని, చెప్పిన గడువులోపు. తీగల కింద పెద్ద చెట్టు వద్దు, నందివర్ధనం, పారిజాతం, గన్నేరు లాంటివి చాలు. తీగలు లేని చోట కానుగ, వేప, పొగడ. గోడకి కనీసం పదిహేను అడుగుల దూరం. రెండడుగుల లోతు, రెండడుగుల వెడల్పు గొయ్యి తీసి, పశువుల ఎరువు కలిపి, జులైలో వానలు పట్టాక నాటండి. నాటిన రోజు, ఆ తర్వాత ప్రతి ఆరు నెలలకీ ఒకే చోట నిలబడి ఫొటో తీసి అర్జీ ఫైలులోనే పెట్టండి, ఎప్పుడైనా అడిగితే అదే రుజువు.

మొదటి వేసవి అందరూ నీళ్లు పోస్తారు. మొక్క పోయేది రెండో వేసవిలో, ఇక నిలదొక్కుకుందిలే అని వదిలేసినప్పుడు. మార్చి నుంచి వానలు పడేదాకా వారానికి రెండుసార్లు, ఒక్కోసారి రెండు బిందెలు. ట్రీ గార్డుకి కట్టిన తీగ మానులోకి దిగకముందే విప్పేయండి.